ఫార్మాట్ కొట్టే ముందు క్యాలెండర్ చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పేపర్లో చిట్కాలు వేసే చోట, కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే వెంటనే ఫార్మాట్ చేయించండి (అంటే డిస్క్‌లో ఉన్నది చెరిపేసి విండోస్ మళ్లీ వేయించడం), కొత్తదానిలా పనిచేస్తుంది అని నాలుగు లైన్లు వచ్చాయి. అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. సరిగ్గా ఆ సలహా విని నేను పదకొండేళ్ల పని పోగొట్టుకున్నాను, పోనీ అది పోయాకైనా కంప్యూటర్ బాగుపడిందా అంటే మూడో రోజుకే మళ్లీ మొదలు. మీ పేపరు మా వీధిలో చాలా ఇళ్లకి వస్తుంది, ఆ నాలుగు లైన్లు చూసి ఇప్పటికే ఎవరైనా షాపుకి బయల్దేరి ఉంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

నేను పెదవాల్తేరులో మా ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న చిన్న కవితా సంపుటాలు, ఆంధ్రా యూనివర్సిటీ దగ్గరే కాబట్టి తెలుగులో పీహెచ్‌డీ చేసే పిల్లల సిద్ధాంత గ్రంథాలు, ఇవన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టి, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో సెట్ చేసి ఇస్తాను. మేడ మీద గది, కిటికీ తీస్తే సముద్రం గాలి నేరుగా టేబుల్ మీదికే వస్తుంది. ఆ గాలి కోసమే ఆ గది ఎంచుకున్నాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

మొన్న దీపావళి వెళ్లిన వారం నుంచి కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. ఒకసారి టైప్ చేస్తుండగా టక్కున ఆరిపోయి తనంతట తానే మళ్లీ ఆన్ అయ్యేది. ఇంకోసారి నీలం తెర వచ్చి ఏదో ఇంగ్లీషులో పేరు చూపించి, నేను చదివేలోపే రీస్టార్ట్ అయిపోయేది. రోజుకి ఒకసారి, కొన్ని రోజులు మూడుసార్లు, రెండు రోజులు ఏమీ ఉండదు, అమ్మయ్య అనుకునేసరికి మళ్లీ వచ్చేది. కంట్రోల్ ఎస్ కొట్టీ కొట్టీ ఎడమ చెయ్యి చిటికెన వేలు నొప్పి పుట్టేది. అప్పటికి చేతిలో ఒక అమ్మాయి థీసిస్ ఉంది, నాలుగు వందల పేజీలు, జనవరి నెలాఖరుకి సబ్మిట్ చేయాలి.

సీపీయూ డబ్బా ఆటోలో వేసుకుని షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు పది నిమిషాలు కూడా చూడలేదు. వైరస్ ఆంటీ, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్ది అన్నాడు. డేటా డి డ్రైవ్‌లో ఉంది బాబూ, జాగ్రత్త అన్నాను, అదేం పోదు అన్నాడు. సాయంత్రం తెచ్చుకుని ఆన్ చేస్తే డి డ్రైవే లేదు. సి, డి అని రెండు భాగాలుగా ఉన్న డిస్క్‌ని కలిపేసి ఒకే డ్రైవ్ చేసి విండోస్ కొట్టేశారు. థీసిస్ పెన్‌డ్రైవ్‌లో రోజూ కాపీ పెట్టుకుంటున్నాను కాబట్టి అది బతికింది, కానీ ఒక ఖాళీ పేజ్‌మేకర్ తప్ప మిగతాది ఏమీ లేదు. అను ఫాంట్లు కూడా పోయాయి, దాంతో పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపించాయి, ఆ క్షణంలో అది కూడా పోయిందనుకుని కూలబడిపోయాను. ఫాంట్లు మళ్లీ వేసుకునేదాకా ఆ రాత్రి నిద్ర లేదు.

అన్నిటికంటే బాధ పెట్టింది ఒక పెద్దాయన శతకం. ఎనభై దాటిన మనిషి, రూళ్ల నోటుబుక్కులో రాసుకుని తెచ్చిన నూట ఎనిమిది పద్యాలు, మూడు నెలలు ఆయనా నేనూ కూర్చుని ప్రూఫులు దిద్దాం, దిద్దిన కాపీ డి డ్రైవ్‌లోనే ఉండిపోయింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు. ఆయన ఒక్క మాట అనలేదు, మర్నాడే నోటుబుక్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. మళ్లీ మొదటి పద్యం నుంచి కొట్టడం మొదలుపెట్టాను, డబ్బులు తీసుకోలేదు.

ఇంత జరిగాక మూడో రోజు ఉదయం మళ్లీ నీలం తెర. ఇంకో షాపుకి వెళ్తే మదర్‌బోర్డు, అంటే లోపల అన్నీ తగిలించే పెద్ద బోర్డు, పోయింది, ప్రాసెసర్‌తో సహా మార్చుకోవాలి, 18,000 అవుతుంది అన్నారు. పైగా విండోస్ 10కి టైమ్ అయిపోయింది కదమ్మా, అందుకే ఆగిపోతోంది అని కూడా అన్నారు. ఆ మాట ఇప్పుడు చాలామంది దగ్గర వింటున్నాను కాబట్టి చెప్తున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసిన మాట నిజం. అంటే అందరికీ ఉచితంగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగాయని, వాటి గురించి ఆలోచించుకోవాల్సిందే. అంతేగానీ ఆ తారీఖు రాగానే కంప్యూటర్ దానంతట అది ఆరిపోవడం మొదలుపెట్టదు.

సంక్రాంతి సెలవులకి మా తమ్ముడి కొడుకు వచ్చాడు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు డబ్బా ముట్టుకోలేదు, ముందు ఒక ప్రశ్న అడిగాడు. "అత్తా, ఏ టైముకి ఆగుతోంది? ఆగేటప్పుడు నీలం తెర వస్తోందా, ఊరికే ఆరిపోతోందా?" నేను రెండు నెలలుగా ఏడుస్తూనే ఉన్నాను గానీ అది చెప్పలేకపోయాను. రెండు షాపుల్లో ఎవరూ అడగలేదు కూడా. వాడు గోడ మీద తెలుగు క్యాలెండర్ తీసి టేబుల్ మీద పెట్టాడు, ఆగినప్పుడల్లా ఆ తారీఖు గడిలో టైమ్ రాయమన్నాడు, నీలం తెర వస్తే పక్కన "నీ" అని, ఊరికే ఆరిపోతే "ఆ" అని.

జరిగిపోయిన వాటికి కూడా లెక్క కంప్యూటర్‌లోనే ఉంటుందని అప్పుడే తెలిసింది. స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ అని ఒకటి వస్తుంది, రోజువారీగా గీత గీసి, ఏ రోజు ఏం ఆగిందో ఎర్ర గుర్తుతో చూపిస్తుంది. షాపువాళ్లు విండోస్ కొట్టిన రోజు నుంచే ఉంది, దానికి ముందుది మొత్తం ఫార్మాట్‌తోనే పోయింది. అంటే నేను షాపుకి తీసుకెళ్లేటప్పటికి జబ్బు ఏమిటో చెప్పే కాగితం డబ్బాలోనే ఉంది, దాన్ని చూడకుండానే చెరిపేశారు. ఈవెంట్ వ్యూయర్ అని ఇంకొకటి ఉంది, అందులో కెర్నల్ పవర్, నంబరు 41 అని కనిపిస్తే, పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా సిస్టమ్ మళ్లీ మొదలైందని అర్థం. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అన్న చోట సున్నా ఉంటే విండోస్‌కి నీలం తెర నమోదు చేసుకునే టైమ్ కూడా దొరకలేదన్నమాట, అప్పుడు ముందు కరెంటు వైపు అనుమానించాలి. నీలం తెర పేరు చదివేలోపే పోకుండా ఉండాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అక్కడ స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేయాలి. అప్పుడు తెర అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు.

పది రోజులు రాశాక క్యాలెండర్ చూస్తే నాకే తెలిసిపోయింది. "ఆ"లన్నీ ఉదయం ఆరున్నర ప్రాంతంలో, సాయంత్రం ఐదు ప్రాంతంలో ఉన్నాయి. "నీ"లకి మాత్రం వేళాపాళా లేదు. మా ఆయన పేపర్ పక్కన పెట్టి క్యాలెండర్ వంక చూసి, ఆరున్నరకీ ఐదుకీ కింద మోటారు వేస్తారు కదే అన్నారు.

నిజమే. కింద వాటాలో ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుందట, మా ఇంటి వైరింగ్ పాతది, ఆ క్షణం వోల్టేజి దిగిపోతుంది, మేడ మీద లైటు కూడా ఒకసారి మిణుక్కుమంటుంది. మరి కరెంటు పోతే బ్యాటరీతో నిలబెట్టే యూపీఎస్ ఉంది కదా అన్నాను. మావాడు యూపీఎస్‌కి కంప్యూటర్ తీసేసి బెడ్‌లైట్ తగిలించి గోడ దగ్గర స్విచ్ ఆపాడు. లైటు వెంటనే ఆరిపోయింది. చిన్న బల్బుని ఒక్క సెకను కూడా మోయలేకపోయింది. విప్పి చూస్తే లోపల 12 వోల్టుల బ్యాటరీ, పక్కలు ఉబ్బిపోయి బయటికి రావడానికి కూడా మొరాయించింది. కొని నాలుగేళ్లు దాటింది, ఈ చిన్న బ్యాటరీలు రెండు మూడేళ్లకే నీరసపడతాయని ఎవరూ చెప్పలేదు, పచ్చ లైటు వెలుగుతోంది కదా బాగానే ఉందనుకున్నాను. వోల్టేజి దిగగానే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారబోవడం, అక్కడ ఏమీ లేకపోవడం, కంప్యూటర్ ఆరిపోవడం, రోజూ రెండు పూటలా జరిగింది అదే.

అదే పనిలో ఇంకో సంగతి బయటపడింది. డబ్బా వెనక రేకు తాకితే సన్నగా జుమ్మంటుంది, అది ఎన్నాళ్ల నుంచో ఉంది, కంప్యూటర్లు అంతే కాబోలు అనుకునేదాన్ని. అది ఎర్తింగ్ లేకపోతే వచ్చేది, మనిషికీ మంచిది కాదు, మిషన్‌కీ మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడో వైరు అసలు బిగించే లేదు. పెరట్లో ఎర్తింగ్ పైపు కూడా మట్టి దగ్గర తుప్పు పట్టి వైరు ఊడి వచ్చేలా ఉంటే అది కూడా మళ్లీ బిగించి, వేసవిలో ఆ గుంటలో నీళ్లు పోస్తూ ఉండమన్నాడు. సముద్రం దగ్గర ఇనుము ఎంత త్వరగా తినేస్తుందో మనందరికీ తెలుసు, కిటికీ ఊచలు చూస్తూనే ఉంటాం, భూమిలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ చూడరు. దయచేసి ఈ ఎర్తింగ్ పని మాత్రం ఎవరూ సొంతంగా చేయకండి, తెలిసినవాళ్లనే పిలవండి.

దాంతో "ఆ"లు ఆగిపోయాయి. "నీ"లు మిగిలాయి.

వాటిని ఫోటోలు తీసి పెట్టుకున్నాం. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఒకసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని. ప్రతిసారీ ఒకే పేరు, కింద ఒకే ఫైలు పేరు వస్తుంటే ఏదో ఒక పరికరాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని పట్టుకోవాలి, కొత్తగా ఏం వేశామో గుర్తు చేసుకుని అది తీసేసి చూడాలి. పేరు రోజుకోరకంగా మారుతుంటే ముందు ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు వాడుకునే మెమరీ ముక్క, చూడాలన్నాడు మావాడు. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ అని ఉంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు, అది రీస్టార్ట్ అయి తనే పరీక్ష చేసుకుంటుంది. పెడితే ర్యామ్‌లో తేడా ఉందని చెప్పింది.

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పి, ముందు లోపలి ఇనుప చట్రాన్ని చేత్తో తాకమన్నాడు, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోవడానికి. రెండు చివర్లా క్లిప్పులు నొక్కితే ర్యామ్ టప్‌మని పైకి లేచింది. దాని అంచున బంగారు రంగు పళ్ల వరస ఉంటుంది కదా, కిటికీ దగ్గర వెలుగులో వాలుగా పెట్టి చూస్తే ఒక చివర ఐదారు పళ్లు మెరవడం లేదు, ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే వచ్చే రంగులో ఉన్నాయి, ఒకదాని మీద ఆవగింజలో సగం ఉండే పచ్చటి చుక్క. ఆ బంగారు పూత చాలా పల్చన, దాని కింద నికెల్, రాగి ఉంటాయి, పూతలో కంటికి కనపడని సందుల్లోంచి తేమా ఉప్పూ దిగితే కింద లోహం చిలుము పట్టి పైకి వస్తుందట. నేను గాలి కోసమని ఆ కిటికీ తీసి కూర్చునేదాన్ని, డబ్బా సరిగ్గా దాని కిందే ఉండేది.

పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా, గట్టిగా రుద్దకుండా, పైనుంచి అంచు వైపుకి తుడిచాడు. పొడి స్లాటులో పడకుండా దూరంగా పెట్టి బ్రష్‌తో దులిపాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే మెత్తటి గుడ్డకి అద్ది తుడవడం ఇంకా మంచిదట, రబ్బరు ఎక్కువ వాడితే పూతే పోతుంది. తర్వాత రెండు ర్యామ్‌లూ ఒక్కొక్కటీ విడిగా పెట్టి పరీక్ష చేశాం, ఏది తేడానో తెలియడానికి. రెండూ పాసయ్యాయి. ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌లోంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి వదిలేసి పడుకున్నాం, తెల్లారి చూస్తే నాలుగు రౌండ్లు పూర్తయి తప్పులు సున్నా. అంటే ర్యామ్ బాగానే ఉంది, బోర్డూ బాగానే ఉంది, పళ్లకి పట్టిన చిలుమే ఇన్నాళ్లు నన్ను తిప్పలు పెట్టింది. 18,000 పెట్టి కొత్త బోర్డు కొని ఉంటే, ఆ డబ్బా అదే కిటికీ కింద, అదే చచ్చిన బ్యాటరీ మీద పెట్టేదాన్ని.

మొత్తం ఖర్చు యూపీఎస్ బ్యాటరీ, కొత్త ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఎలక్ట్రీషియన్ కూలీ కలిపి 2,150 రూపాయలు. ఫార్మాట్‌కి పోసిన 600 వేరే.

ఇది నా ఒక్కదాని కథ అనుకోకండి. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12న, మా కిటికీ అద్దాలు పగిలి ఉప్పునీళ్లు గదంతా కొట్టినప్పుడు పాత కంప్యూటర్ పోయింది, అది కళ్లకి కనపడే ఉప్పు కాబట్టి అందరికీ అర్థమైంది. రోజూ గాలిలో వచ్చేది కనపడదు. వన్‌టౌన్‌లో మా చెల్లెలి ఇంట్లో ఇంకో రకం. వాళ్ల సిస్టమ్ మధ్యాహ్నాలే ఆగేది, వీడియో చూస్తుంటే మరీను. మావాడు అదే పద్ధతిలో చూస్తే ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దాకా పోతోంది, ఫ్యాన్ కింద రేకుల సందులు పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ముతో చాప అల్లినట్టు మూసుకుపోయాయి. దులిపి, ప్రాసెసర్ వేడిని పైన రేకులకి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే అది తుడిచి కొత్తది వేస్తే తగ్గింది. దానికీ అంతకుముందు రెండుసార్లు ఫార్మాట్ కొట్టించారు.

హార్డ్‌డిస్క్ సంగతి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆగిపోవడానికి కారణం ఏదైనా, మొదటి పని కాపీ తీసుకోవడం. డెస్క్‌టాప్ మీదా డాక్యుమెంట్స్‌లోనూ పెట్టుకున్నవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్‌తో ముందు పోయేవి అవే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది పసుపు రంగులో కాషన్ అని చూపిస్తే డిస్క్‌లో చెడిన చోట్లు పెరుగుతున్నాయని అనుమానించాలి. అలాంటి డిస్క్‌కి ఫార్మాట్ కొడితే నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, ఈలోపు మనం మళ్లీ దాన్నే నమ్మి అన్నీ అందులోనే పెట్టుకుంటాం.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేననను. కరెంటు, వేడి, ర్యామ్, డిస్క్ అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలి, ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్ లాంటివి నడిపి విండోస్ ఫైళ్లు బాగుచేసినా కుదరకపోతే, లేదా నిజంగానే వైరస్ అంతటా పాకితే, అప్పుడు కొట్టించుకోవచ్చు, కాపీలు తీసుకున్నాక. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా నీలం తెరలు వచ్చాయి గుర్తుందా, విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్కన సుమారు 85 లక్షల కంప్యూటర్లు. వాటికి అప్పుడు చెప్పిన మందు సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచేలా, తెరిచి ఒక ఫైలు తీసేయడం. అంత పెద్ద గొడవకి కూడా ముందు కారణం వెతికారు.

కాబట్టి నేను అడిగేది రెండే. ఆ చిట్కాకి సవరణ అదే చోట, అదే సైజు అక్షరాల్లో వేయండి, ఆగిన టైమ్ రాసుకోండి, కాపీ తీసుకోండి, కారణం తెలిశాకే ఫార్మాట్ అని ఈ మూడు ముక్కలు చాలు. ఊళ్లో రిపేర్ షాపులవాళ్లకి కూడా మీ పేపరు ద్వారా నా మాట చేరితే, బిల్లు మీద ఫార్మాట్ అని మాత్రమే రాయకుండా ఏం పరీక్ష చేశారో, ఏ కారణం దొరికిందో ఒక లైను రాసివ్వమనండి. ఆ ఒక్క లైను ఉంటే నేను రెండో షాపుకి వెళ్లినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండేది కాదు.

థీసిస్ జనవరి 30న బైండింగ్‌కి వెళ్లింది. శతకం తొంభై రెండో పద్యం దగ్గర ఉంది. డబ్బా ఇప్పుడు కిటికీకి ఎదురు గోడ దగ్గర పెట్టాను, క్యాలెండర్ ఇంకా టేబుల్ మీదే ఉంది, ఫిబ్రవరి గళ్లలో ఇంతవరకు ఏమీ రాయలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.